సముద్రం గురించి ముందే ఎవరో రాసేశారు, ఇప్పుడు నా నవల ఏం చెయ్యాలి?

ఈసారి ఉత్తరం కాకినాడ వైపు నుంచి వచ్చింది. పేరు వెయ్యొద్దన్నారు, ఊరి పేరూ వద్దన్నారు, ఉప్పాడకి దగ్గర్లో సముద్రం ఒడ్డు పల్లె అని మాత్రం చెప్పుకోవచ్చన్నారు. వయసు 41. సబ్‌స్టేషన్లో షిఫ్ట్ ఆపరేటర్. చేత్తో రాసిన పదకొండు పేజీల ఉత్తరం, అంతా ఇక్కడ పెట్టలేను కాబట్టి విషయం నా మాటల్లో చెప్తాను.

తొమ్మిదేళ్ళుగా నైట్ డ్యూటీల్లో కూర్చుని ఒక నవల రాస్తున్నారు. కథేంటంటే, వాళ్ళ ఊరికి ఎదురుగా సముద్రంలో ఆకాశం నుంచి ఏదో పడుతుంది. ఓడ కాదు, ఉల్క కాదు, నీళ్ళలో కలిసిపోయి నీళ్ళలాగే ఉండే ఒక జీవం. కొన్ని నెలలకి సోనా బోట్లు అనే ఇంజను పడవల్లో ఉండే వీహెచ్ఎఫ్ రేడియో సెట్లలో, పిలుపులకి వాడే ఛానల్ 16లో, ఎప్పుడో వేటకెళ్ళి తిరిగి రాని వాళ్ళ గొంతులు వినపడటం మొదలవుతుంది. ఆ గొంతులు పేరు పెట్టి పిలుస్తాయి, చేప ఎక్కడుందో చెప్తాయి, ఇంట్లో బియ్యం ఉన్నాయా అని అడుగుతాయి. తర్వాత ఒక పరిశోధన ఓడ వస్తుంది, సైంటిస్టులు ఆ జీవం గురించి తలో సిద్ధాంతం చెప్తారు. ఆఖర్లో హీరో తండ్రి ఒడ్డుకి నడిచొస్తాడు, కొన్నాళ్ళు ఇంట్లో ఉంటాడు, తను అసలు మనిషిని కాదని తనకే అర్థమయ్యాక కొడుకు బాగుండాలని మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోతాడు.

మొత్తం 412 పేజీలు. అంగన్‌వాడీలో పనిచేసే ఆయన భార్య రెండేళ్ళపాటు రాత్రిళ్ళు కూర్చుని అదంతా టైప్ చేశారు. మొన్న సంక్రాంతికి బెంగుళూరు నుంచి వచ్చిన బావమరిది భోజనాల దగ్గర కథ విని "బావా, ఇది సోలారిస్ కదా, సినిమా కూడా ఉంది, నేను చూశా" అన్నాడట. పక్కనున్న ఒక పెద్దాయన "అయితే కాపీయా" అన్నారట. అంతే. ఈయన ఆ సినిమాకి మూలమైన నవల, పోలండ్ రచయిత స్తానిస్లావ్ లెమ్ రాసిన సోలారిస్, ఇంగ్లీషులో తెప్పించుకుని, సగం చదివి, ఆఖరి చాప్టర్లు తిరగేసి పక్కన పెట్టేశారు. నోటు పుస్తకాలు పొయ్యిలో పెట్టేస్తాను, ఫైల్ తీసేస్తాను అంటే భార్య పెన్ డ్రైవ్ దాచేశారు, మూడు వారాల నుంచి అవసరానికి తప్ప మాట్లాడట్లేదు. నవల అచ్చు వేయించాలా మానెయ్యాలా, బావమరిది మొహం ఎలా చూడాలి, ఇంట్లో మాటలు మళ్ళీ ఎలా మొదలవుతాయి, ఇవీ ఆయన అడిగిన మూడు ప్రశ్నలు.

ఇంకో విషయం కూడా ఉంది ఉత్తరంలో, ఏడో పేజీలో. "మా నాన్న 96 తుపానులో వేటకెళ్ళి రాలేదు, శవం దొరకలేదు, మా అమ్మ చాలా ఏళ్ళు గాజులు తియ్యలేదు" అని ఒక్క వాక్యం. దాని కింద వాక్యమే పుస్తకం డెమ్మీ సైజులో వేస్తే ఎంత ఖర్చవుతుందని. ఆ వాక్యం దగ్గరికి తర్వాత వస్తాను.

తమ్ముడూ, మీ ఉత్తరంలో కాపీ అనే మాట పద్నాలుగు సార్లుంది, లెక్కపెట్టాను. కాబట్టి ముందు ఆ మాట సంగతే చూద్దాం. కాపీ కొట్టాలంటే ముందు ఎదురుగా ఏదో ఉండాలి కదా. ఆ నవల పేరు కూడా వినకుండా తొమ్మిదేళ్ళు రాసిన మనిషి కాపీ కొట్టడం ఎలా కుదురుతుంది. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చిందంతే. పరాయి గ్రహం జీవులతో మనిషి కలవడం గురించి రాసిన సాహిత్యం మొత్తంలో ఇది ఎంత మామూలు విషయమో మీకు తెలిస్తే ఆ రోజు భోజనాల దగ్గర మీకు గొంతు పట్టేసేది కాదు.

ఉదాహరణకి, భూమ్మీదకి కుజగ్రహం వాళ్ళు రావడం అనగానే అందరికీ ఇంగ్లీషు రచయిత హెచ్.జి.వెల్స్ గుర్తొస్తాడు, 1897లో పత్రికలో సీరియల్‌గా వచ్చి 1898లో పుస్తకమైన వార్ ఆఫ్ ది వరల్డ్స్. సరిగ్గా అదే 1897లో జర్మనీలో కుర్ట్ లాస్‌విట్స్ అనే ఆయన రెండు గ్రహాలు అనే అర్థం వచ్చే పేరుతో ఒక పెద్ద నవల వేశాడు, అందులోనూ కుజుడి నుంచే వస్తారు, వచ్చి ఉత్తర ధ్రువం దగ్గర మకాం పెడతారు. ఒకే ఏడు, రెండు దేశాలు, ఒకే ఆలోచన. ఎందుకంటే ఇద్దరూ పీల్చిన గాలి ఒకటే, 1877లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త షియాపరెల్లీ టెలిస్కోపులో కుజుడి మీద గీతలు చూశానన్నాడు, 1895లో అమెరికాలో లోవెల్ అనే ఖగోళ పరిశోధకుడు అవి కాలవలని, తవ్విన వాళ్ళున్నారని పుస్తకమే రాశాడు, ఇక కథలు రాయకుండా ఎవరుంటారు. కానీ ఆ రెండూ ఒకే పుస్తకం అవ్వలేదు. వెల్స్ మొదటి అధ్యాయంలోనే టాస్మేనియా గుర్తు చేస్తాడు, యూరప్ వాళ్ళు వెళ్ళి యాభై ఏళ్ళలో అక్కడి మనుషుల్ని తుడిచిపెట్టేశారు, అలాంటి మనం కుజుడి వాళ్ళని ఏమని తప్పు పడతాం అంటాడు. ఇంగ్లండ్ సామ్రాజ్యం మధ్యలో కూర్చుని రాసిన వాక్యం అది. లాస్‌విట్స్ కుజులు నాగరికులు, మంచి చెయ్యడానికే వస్తారు, ఆ మంచే మెల్లగా పెత్తనంగా మారుతుంది. ఆలోచన ఒకటే అయినా ఎవరి బాధ వాళ్ళది.

మీరు చట్టం గురించి కూడా భయపడ్డారు. ఆలోచనకి కాపీరైట్ ఉండదండి, చెప్పిన తీరుకే ఉంటుంది. మన సుప్రీం కోర్టే ఆర్.జి.ఆనంద్ కేసులో 1978లో ఇది తేల్చి చెప్పింది, ఆయన రాసిన హమ్ హిందుస్తానీ నాటకాన్ని న్యూ ఢిల్లీ అనే సినిమాగా తీసేసుకున్నారని ఆయన కేసు వేస్తే, ఇతివృత్తం ఒకటే అయినా నడిపిన పద్ధతి వేరైతే అది ఉల్లంఘన కాదు అంది. కాబట్టి కోర్టు భయం పక్కన పెట్టేయండి. మీకున్న అసలు భయం ఊళ్ళో పెద్దాయన అన్న మాట. దానికి చట్టం పనికిరాదు, పుస్తకమే పనికొస్తుంది.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి కాబట్టి కాస్త ఓపిక పట్టండి. 1945లో మర్రే లీన్‌స్టర్ అనే అమెరికన్ ఫస్ట్ కాంటాక్ట్ అని ఒక కథ రాశాడు. మన ఓడ, వాళ్ళ ఓడ అంతరిక్షంలో ఎదురుపడతాయి. ఎవరు ముందు ఇంటికి బయల్దేరినా రెండో వాళ్ళు వెంటపడి ఇల్లు కనిపెట్టేస్తారేమో అని భయం, అలాగని అక్కడే నిలబడలేరు. చివరికి ఓడలు మార్చుకుని వెళ్తారు. 1950ల చివర్లో సోవియట్ రచయిత ఇవాన్ యెఫ్రేమొవ్ దీనికి జవాబుగా ఇంకో కథ రాశాడు, అందులో పాత్రలు ఆ అమెరికన్ కథ చదివి, నక్షత్రాల దాకా రాగలిగిన జాతి ఇంకా ఒకర్నొకరు చంపుకునే దశలో ఎలా ఉంటుంది అని వాదించుకుంటాయి. మళ్ళీ 2008లో చైనాలో ల్యూ ట్సిషిన్ త్రీ బాడీ మూడు నవలల్లో రెండోది, ది డార్క్ ఫారెస్ట్, రాశాడు. విశ్వం అంతా ఒక చీకటి అడవి, ప్రతి జాతీ తుపాకి పట్టుకుని చప్పుడు చెయ్యకుండా నడుస్తున్న వేటగాడు, కనపడినవాడు చచ్చాడు అని. లీన్‌స్టర్ రెండు ఓడల మధ్య పెట్టిన భయాన్నే ఈయన విశ్వమంతా పరిచాడు. ఎవరు ఎవర్ని కాపీ కొట్టినట్టు? ఒకళ్ళు ఉత్తరం రాస్తే ఇంకొకళ్ళు జవాబు రాసినట్టుంది నాకైతే. మీ నవల కూడా అలాంటి జవాబే అనుకుంటున్నాను, ఎవరికి రాస్తున్నారో మీకు తెలీకుండా రాశారంతే.

ఇక స్తానిస్లావ్ లెమ్ సంగతి. మీరు ఆయన సముద్రం చూసి భయపడ్డారు గానీ, ఆ మనిషి మనకి అర్థం కాని పరాయి జీవం అనే ఒక్క ఆలోచనని తనే ఎన్నిసార్లు రాసుకున్నాడో చూడండి. 1959లో ఈడెన్, 1961లో సోలారిస్, 1964లో ది ఇన్విన్సిబుల్, 1968లో హిజ్ మాస్టర్స్ వాయిస్, 1986లో ఫియాస్కో. పాతికేళ్ళు పైగా అయిదు నవలల్లో అదే ప్రశ్న చుట్టూ తిరిగాడు, ఒకసారి సముద్రం, ఒకసారి పురుగుల్లాంటి యంత్రాల గుంపు, ఒకసారి ఆకాశం నుంచి వచ్చిన సంకేతం. ఆయనకే ఒకసారి రాస్తే సరిపోలేదంటే మీరు ఒకసారి రాయడం తప్పెలా అవుతుంది?

ఇప్పుడు మీరు రాసి పంపిన పోలికల జాబితా తీసుకుందాం. మూడు చెప్పారు, సముద్రమే జీవం అవ్వడం, పోయినవాళ్ళు తిరిగి రావడం, వచ్చిన మనిషి తనే మళ్ళీ వెళ్ళిపోవడం. మొదటి రెండిట్లో నాకు ఇబ్బంది కనపడలేదు. మూడోదాంట్లో ఉంది. ఏదీ దాచకుండా చెప్తాను.

సోలారిస్‌లో సముద్రం వేరే గ్రహం మీద ఉంటుంది, గ్రహం దాదాపు మొత్తం అదే. మనుషులు దాన్ని వందేళ్ళ పైగా చదువుతారు, లైబ్రరీలు నింపేస్తారు, దాని మీద లేచే ఆకారాలకి పేర్లు పెడతారు, ఒక్క ముక్క అర్థం కాదు. అది వాళ్ళతో మాట్లాడదు కూడా. మీ జీవం మాట్లాడుతుంది, అదీ తెలుగులో, అదీ మీ ఊరి యాసలో, బియ్యం ఉన్నాయా అని అడుగుతుంది. ఇది చాలా పెద్ద తేడా. లెమ్ భయం అవతలి వాళ్ళు మనకి ఎప్పటికీ అర్థం కారేమోనని. మీ నవల్లో భయం దానికి తిరగబడి ఉంది, అర్థమయ్యే మాటల్లో మాట్లాడుతున్నది ఎవరు అని. (తెలుగు గొంతు పరాయి జీవానికి చేరడం ఏంటని ఎవరైనా నవ్వితే, 1977లో పంపిన రెండు వాయేజర్ అంతరిక్ష నౌకల్లోనూ బంగారు రికార్డు ఉందని చెప్పండి, 55 భాషల పలకరింపుల్లో తెలుగు కూడా ఉంది, నమస్తే అంటూ మొదలవుతుంది. ఇవాళ్టికీ అది సూర్యుడికి దూరంగా పోతూనే ఉంది.)

రెండోది, పోయినవాళ్ళు తిరిగి రావడం. ఇక్కడే మీరు సగం చదివి ఆపేయడం వల్ల నష్టపోయారు. సోలారిస్‌లో ఆ సముద్రాన్ని చదవడానికి వెళ్ళిన కెల్విన్ అనే శాస్త్రవేత్త దగ్గరికి వచ్చేది అతని భార్య హారే. 1970లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం చదివి ఉంటే ఆమె పేరు రేయా అని ఉంటుంది, అది పోలిష్ నుంచి కాదు ఫ్రెంచి నుంచి చేసిన అనువాదం, లెమ్‌కి అది నచ్చలేదు కూడా. పేరు ఏదైనా, ఆమె చనిపోయిందని అతనికి ఖచ్చితంగా తెలుసు. విషం సూది తనే గుచ్చుకుని చనిపోయింది, వచ్చిన ఆమె చేతి మీద ఆ సూది గుర్తు కూడా ఉంటుంది. చనిపోయిన మనిషి మళ్ళీ ఎదురుగా కూర్చుంటే ఏం చేస్తావు అన్నది ఆ నవల ప్రశ్న. కథలో బరువంతా అతని అపరాధ భావన మీదే ఉంది.

మీ కథలో ఎవరూ అలా చనిపోలేదు. తిరిగి రాలేదు, అంతే. ఈ రెండిటికీ తేడా మీకు నేను చెప్పేదేంటి, మీరు నాకు చెప్పాలి. 1996 నవంబరు 6న ఆ తుపాను కాకినాడకి కింద తీరం దాటినప్పుడు మీకు పన్నెండేళ్ళుంటాయి. శవం లేదు. శవం లేకపోతే దినం ఎప్పుడు చెయ్యాలి, గాజులు ఎప్పుడు తియ్యాలి, ఏడేళ్ళు కనపడకపోతే పోయినట్టే అని చట్టం అనుకుంటుంది గానీ ఇంట్లో ఆడమనిషి ఏ తారీఖున అనుకుంటుంది. అలాంటి ఇంట్లోకి ఒక రాత్రి సెట్లో ఆ గొంతు వినపడితే, అది సముద్రంలో ఉన్నదెవరో దొంగిలించిన గొంతా, లేకపోతే నిజంగా ఆయనేనా, ఎక్కడో బతికి ఉండి పిలుస్తున్నాడా? సోలారిస్‌లో ఈ ప్రశ్న లేదు, ఉండే అవకాశమే లేదు, ఎందుకంటే అక్కడ కెల్విన్‌కి జవాబు ముందే తెలుసు. మీ నవల అసలు ఈ ప్రశ్నే. ఏడో పేజీలో ఒక్క వాక్యం రాసి డెమ్మీ సైజు ఖర్చులోకి వెళ్ళిపోయారు గానీ, నాకు 412 పేజీల నవల ఆ వాక్యంలోంచే పుట్టినట్టు కనపడింది, సోలారిస్ లోంచి కాదు.

ఇంకో చిక్కు కూడా విప్పాలి. మీ బావమరిది చూసింది సినిమా. రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ 1972లో తీసినది అయ్యుండాలి, ఎందుకంటే అందులో చివర కొడుకు తండ్రి ముందు మోకరిల్లే దృశ్యం ఉంది, సముద్రం మధ్యలో దీవి మీద ఆ ఇల్లు. పుస్తకంలో ఆ తండ్రి రాడు. ఆ ముగింపే లేదు. పుస్తకం చివర కెల్విన్ ఒక్కడే కిందకి దిగి అల ముందు చెయ్యి పెడతాడు, నీరు చేతి చుట్టూ వస్తుంది గానీ తాకదు. లెమ్‌కి ఆ సినిమాతో పెద్ద పేచీయే ఉంది, తను రాసింది అది కాదని. అంటే తండ్రి, సముద్రం అని వినగానే ఆ అబ్బాయికి గుర్తొచ్చింది లెమ్ కాదు, తార్కోవ్‌స్కీ. ఒక మాట వల్ల మీరు తగలబెట్టబోయిన పుస్తకానికీ, ఆ మాటలో ఉన్న పుస్తకానికీ ఇంత దూరం ఉంది.

ఇక మూడోది. వచ్చిన తండ్రి, నేను మీ నాన్నని కాదని తెలుసుకుని, కొడుకు కోసం తనే వెళ్ళిపోవడం. ఇది నిజంగా దగ్గరగా ఉంది తమ్ముడూ. హారే కూడా తను ఎవరో తెలుసుకుంటుంది, కెల్విన్‌కి తెలీకుండా తనని లేకుండా చెయ్యమని అడిగి, ఉత్తరం రాసిపెట్టి వెళ్ళిపోతుంది. మీకు తెలియకుండా రాసినా చదివినవాళ్ళు అక్కడ ఆగుతారు. పోలిక ఒక్కటే కాదు నా ఇబ్బంది, ఆ సీను మీ కథకి కూడా సరిపోలేదనిపిస్తోంది. మూడొందల పేజీలు ఆయనేనా కాదా అని నడిపి, చివర్లో ఒడ్డుకి తీసుకొచ్చి కాదు అని తేల్చేస్తున్నారు. తేల్చేశాక మీ అమ్మగారు గాజులు తియ్యని ఆ ఏళ్ళన్నీ ఎక్కడికి పోతాయి?

సరే, ఏం చెయ్యొచ్చు. నాకు నాలుగు దారులు కనపడుతున్నాయి, ఏదీ ఖర్చు లేనిది కాదు.

మానెయ్యడం ఒకటి. మీ నవల, మీ ఇష్టం, ఎవరూ కాదనలేరు. కానీ మానేస్తే నైట్ డ్యూటీ ఖాళీగా ఉండదు, ఆ గొంతు మళ్ళీ ఇంకో కథలో వస్తుంది, అప్పుడు ఇంకెవరో ఇంకేదో సినిమా పేరు చెప్తారు. పైగా ఆ రెండేళ్ళ టైపింగ్ మీ ఒక్కరిదీ కాదు, దాన్ని మీరొక్కరే మానెయ్యలేరు.

ఉన్నది ఉన్నట్టు వెయ్యడం రెండోది, ముందుమాటలో సోలారిస్ సంగతి మీరే చెప్పేసి. నిజాయితీగా ఉంటుంది, మనసు తేలికపడుతుంది. కానీ ముందుమాటలో ఆ పేరు చదివినవాడు ప్రతి పేజీలో దాన్నే వెతుకుతాడు, ఆఖరి సీను దగ్గరకొచ్చేసరికి దొరికింది అంటాడు. మీరు సొంత డబ్బుతో వేసుకుంటున్నారు కాబట్టి ఒకసారి వేశాక మళ్ళీ మార్చి వెయ్యడం ఉండదు, ఆ సంగతి కూడా ఆలోచించండి.

మూడోది ఆఖరి వంద పేజీలు తిరగ రాయడం. మీ నైట్ డ్యూటీల లెక్కన చూస్తే ఏడెనిమిది నెలలు తక్కువ పట్టదు. తండ్రి ఒడ్డుకి రాకూడదు అంటాను నేను, గొంతు గొంతుగానే ఉండాలి. సోవియట్ రచయితలు స్ట్రుగాట్స్కీ అన్నదమ్ములు 1972లో రాసిన రోడ్‌సైడ్ పిక్నిక్‌లో పరాయి వాళ్ళు వచ్చి వెళ్ళిపోయాక కథ మొదలవుతుంది, ఒక్కసారి కూడా కనపడరు, ఎందుకొచ్చారో తెలీదు, ఒక పాత్ర అంటుంది, రోడ్డు పక్కన ఆగి తిని పోయినవాళ్ళు వదిలేసిన చెత్త దగ్గరికి పురుగులు చేరినట్టు మనం చేరాం ఏమో అని. ఆ ఊరి మనుషులకి మాత్రం ఆ చెత్త ఏరుకోవడమే బతుకు. మీ ఊరికి కూడా అంతే కదా, గొంతు ఎవరిదైనా పొద్దున్నే వేటకెళ్ళాలి. పరిశోధన ఓడ మీద సైంటిస్టుల 70 పేజీలు కూడా నేనైతే సగానికి సగం కోస్తాను, లెమ్‌కి అది బలం, మీకు కాదు. మీ బలం బోటు నడిపే సరంగు ఆ సెట్టు ఆపెయ్యాలా వద్దా అని చెయ్యి పెట్టి ఆగిన చోట ఉంది, మీరు ఉత్తరంలో రెండు లైన్లలో చెప్పినా నాకు ఒళ్ళు జలదరించింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కదా, ఆ 61 రోజులూ సెట్లు ఆపేసి ఉంటే గొంతులు ఏమవుతాయి? ఎవరైనా దొంగతనంగా రాత్రిళ్ళు వెళ్ళి బోటెక్కి సెట్టు పెట్టుకుని కూర్చుంటారా? ఇది మీ ఊరివాడు తప్ప ఇంకెవరూ రాయలేరు. ఈ దారిలో ఉన్న నష్టం ఒకటే, తండ్రి ఒడ్డుకి రాకపోతే మీకు ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టే సీను పోతుంది. ఆ సీను మీరు పుస్తకం కోసం రాయలేదేమో అనిపిస్తోంది నాకు. దాన్ని తీసేసినా చింపకండి, విడిగా ఉంచుకోండి.

నాలుగోది, ముందు ఆ వీహెచ్ఎఫ్ అధ్యాయం ఒక్కటీ తీసి పెద్ద కథగా చేసి ఏదైనా పత్రికకి పంపడం. పాతిక పేజీలుంది అన్నారు కాబట్టి కుదురుతుంది. మీకు పరిచయం లేని మనుషులు చదివి ఏమంటారో తొందరగా తెలుస్తుంది, ఇంట్లో వాళ్ళ మాట కన్నా అది మంచిది. కానీ కథగా వచ్చేశాక కొందరికి నవల మీద గాలి తీసేసినట్టవుతుంది, మళ్ళీ కూర్చోబుద్ధి కాదు, మీరు అలాంటి మనిషో కాదో మీకే తెలియాలి. కొన్ని నవలల పోటీలకి అచ్చయిన భాగం ఉంటే తీసుకోరు, రూల్స్ చూసుకోండి.

నన్నడిగితే మూడో దారికే మొగ్గుతాను. నాలుగోది దాంతో పాటు చేసినా నష్టం లేదు. కానీ ఇది నేను పదకొండు పేజీల ఉత్తరం చదివి చెప్తున్న మాట, 412 పేజీలూ చదివిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు, ఆవిడ దగ్గరకొస్తాను.

తిరగ రాసేటప్పుడు ఈ పుస్తకాలు చదవాలా వద్దా అని కూడా అడిగారు. చదవకపోతే మనశ్శాంతి, కానీ ప్రతి పండక్కీ ఎవరో ఒకరు కొత్త పేరు చెప్తారన్న భయం అలాగే ఉంటుంది. చదివితే ఒక రెండు నెలలు మీ వాక్యాల్లోకి వాళ్ళ గొంతు వస్తుంది, అది నిజం. అయినా సోలారిస్ మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాలి మీరు, సగం చదివినదే ఎక్కువ భయపెడుతుంది. తర్వాత రోడ్‌సైడ్ పిక్నిక్. అక్కడితో ఆపి రాసుకోండి, మిగతావి నవల అయ్యాక.

బావమరిది గురించి. బామ్మర్ది బతక్కోరతాడని ఊరికే అనలేదు మనవాళ్ళు. ఆ అబ్బాయి మిమ్మల్ని తక్కువ చెయ్యాలని అన్నట్టు నాకు అనిపించలేదు, మీ ఉత్తరంలోనే ఉంది, "మొహం వెలిగిపోతూ అన్నాడు" అని రాశారు. తనకి తెలిసినది బావ నోట్లోంచి వినపడేసరికి సంబరపడ్డాడు, కాపీ అన్నది ఆ పెద్దాయన, ఆ అబ్బాయి కాదు. మీ చుట్టాల్లో ఈ కథలంటే ఇష్టం ఉన్నవాడు ఆ ఒక్కడే కనపడుతున్నాడు, దూరం చేసుకుంటే మీకే నష్టం. ఫోన్ చేసి, నేను పుస్తకం చదువుతున్నాను, నువ్వు సినిమా చూశావు, ఏది ఎక్కడ వేరో మాట్లాడుకుందాం రా అనండి. నవల ఇప్పుడే చేతికివ్వకండి, తిరగ రాశాక ఇవ్వండి. ఇప్పుడిస్తే అతను పోలికలే చూస్తాడు, మీరూ అతని మొహమే చూస్తుంటారు. నొప్పి ఇంకా ఉంటే, అందరి ముందు అలా అనకుండా ఉండాల్సిందిరా అని ఒక్క మాట చెప్పండి, అంతకన్నా సాగదీస్తే మీ ఆవిడ ఇద్దరి మధ్యా నలుగుతారు, ఒకవైపు తమ్ముడు, ఒకవైపు మీరు.

ఇప్పుడు మీ ఆవిడ. మీరు ఆవిడ గురించి ఒకటిన్నర పేజీ రాశారు, టైప్ చేసింది, పెన్ డ్రైవ్ దాచింది, మాట్లాడట్లేదు, ఇవన్నీ ఉన్నాయి. నవల ఆవిడకి ఎలా ఉంది అన్నది ఒక్క లైను కూడా లేదు. ఎప్పుడైనా అడిగారా? పగలంతా పిల్లలతో, రిజిస్టర్లతో సరిపోయి, రాత్రి మీ చేతిరాత చదువుకుంటూ అక్షరం అక్షరం కొట్టిన మనిషి. మీ బావమరిది ఐదు నిమిషాలు విన్నాడు, పెద్దాయన అదీ వినలేదు. వాళ్ళ మాట విని తగలబెడతానన్నారు, మొత్తం చదివిన మనిషిని ఒక్క మాట అడగకుండా. ఆవిడ కోపం రెండేళ్ళ కష్టం గురించి అని మీరనుకుంటున్నారు, నేను అలా అనుకోవట్లేదు. ఆ ఇంట్లో కోడలుగా మీ అమ్మగారి చేతి గాజుల్ని మీకన్నా దగ్గర్నుంచి చూసింది ఆవిడే, ఆ నవల్లో ఏముందో ఆవిడకి తెలుసు, అందుకే దాచారు.

కాబట్టి పెన్ డ్రైవ్ ఇవ్వమని అడక్కండి. తగలబెడతానన్నది తప్పయిందని చెప్పండి, దానికి కారణాలు చెప్పకుండా. తర్వాత టైప్ చేస్తుంటే ఎక్కడైనా చెయ్యి ఆగిపోయిందా, ఏ పేజీలో అని అడగండి. ఎక్కడ విసుగొచ్చిందో కూడా అడగండి, సైంటిస్టుల ఓడ దగ్గర అంటారని నా అనుమానం. వెంటనే మాట్లాడకపోవచ్చు, మూడు వారాల మౌనం ఒక్క పూటలో పోదు. ఆవిడ నోట్ చేసుకుని చెప్పినా, పేజీ నంబర్లు కాగితం మీద రాసి బల్ల మీద పెట్టినా అది మాట్లాడినట్టే తీసుకోండి. ఒకవేళ ఆవిడ ఆఖరి సీను అలాగే ఉండాలి, నాన్నగారు ఒడ్డుకి రావాల్సిందే అంటే, నేను పైన చెప్పినదంతా పక్కన పెట్టి ఎందుకో వినండి, నాకన్నా ఆవిడకి ఎక్కువ తెలుసు.

ఇంకొక్కటి అడిగి ఆపేస్తాను. సెట్లో తండ్రి గొంతు మొదటిసారి వినపడిన రాత్రి కొడుకు ఏం చేశాడో ఉత్తరంలో రాశారు, సరంగు ఏం చేశాడో రాశారు. ఆ సంగతి తెలిసి తల్లి బోటు దగ్గరికి వచ్చిందా, సెట్టు చేతికిస్తే ఏం అడిగింది, అది మాత్రం ఎక్కడా లేదు. రాసి ఉంటే ఏ పేజీలో ఉందో మీ ఆవిడకి తెలుస్తుంది. రాయకపోతే తిరగ రాయడం అక్కడ మొదలుపెట్టండి.